గూటికి నేను వేసిన బాట

ఎనభైల్లో ఒక ఎండాకాలం పర్ణశాల దగ్గర తునికాకు కల్లంలో కల్లేదారుగా ఉన్నాను. కూలీలు అడవిలో కోసి తెచ్చిన ఆకు కట్టలను లెక్కపెట్టి, గడ్డినేల మీద వరుసలుగా ఆరబెట్టించడం నా పని. బడి చదువు ఐదుతో ఆగినా లెక్కల మీద మోజు ఆగలేదు. కంటబడినదల్లా లెక్కపెట్టేవాణ్ణి.

ఆకు కోసే ఒక ముసలామె కల్లం అంచున గడ్డిదుబ్బు కింద నేలపిట్ట గూడు చూపించింది. పిచ్చుకంత పిట్ట. అరచేతిలో పట్టే గూట్లో మూడు గుడ్లు. ఆమె దుబ్బు కొసలు కలిపి ముడి వేసింది. ముడి కనబడితే అక్కడ ఎవరూ కట్టలు పరచరు, అడుగు పెట్టరు.

"ఇగ నువ్వు గూడ పోకు బిడ్డా."

"దూరంకెల్లే చూస్త అవ్వా."

"నువ్వా? లెక్కపెట్టక ఊకుంటవా?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

గుడ్లు పిల్లలయ్యాక కల్లం పాకలో కూర్చుని నోటుబుక్కులో గీతలు గీశాను. గంటకు తల్లి తొమ్మిదిసార్లు, తండ్రి ఆరుసార్లు మిడతలను తెచ్చేవి. పోతూ పిల్లల రెట్టను ముక్కున కరుచుకుని దూరంగా పడేసేవి. మిట్టమధ్యాహ్నం తల్లి రెక్కలు విప్పి పిల్లలకు నీడ పట్టేది. ఏదీ నేరుగా గూటి దగ్గర వాలేది కాదు. ఐదారు గజాల అవతల వాలి, గడ్డిలో వంకరటింకరగా నడిచి వచ్చేది. ఇరవైసార్లు చూస్తే వరసగా రెండుసార్లు ఒకే వైపు నుంచి రాలేదు. 'దండగ నడక' అని పక్కన రాసుకున్నాను.

ఈకలు ఎంత పెరిగాయో కొలవాలని దారప్పోగు పట్టుకుని రోజుకు మూడుసార్లు వెళ్ళేవాణ్ణి. పాక నుంచి గూటికి ముప్పై నాలుగు అడుగులు, తిన్నగా. వారం తిరిగేసరికి ఎండుగడ్డి నలిగి, దుమ్ము తేలి బాట పడింది.

ఎనిమిదో రోజు పొద్దున గూడు ఖాళీ. ఇంకో రెండు రోజులుంటే పిల్లలు గూడు దిగేవి. దుమ్ములో నా చెప్పుల అచ్చుల మీద ముంగిస అడుగులు, పాక నుంచి గూటిదాకా. పిట్టల దండగ నడక ఎందుకో అప్పుడు తెలిసింది. తల్లి మిడతను పట్టుకొచ్చి, ఎప్పటిలాగే దూరాన వాలి, చుట్టూ తిరిగి వచ్చి, ఖాళీ గూటి ముందు నిలబడింది.

"పిల్లలను ఏది తిన్నది బిడ్డా?" అంది ముసలామె.

"పామేమో అవ్వా."

ఆమె బాట వంక చూసింది. కూర్చుని ముడి విప్పింది.

"ఇగ గీడ గూడ పరిపియ్యి. జాగ ఖాళీ అయింది."

కల్లం మూసేదాకా అక్కడ పరిపించలేదు. వంద కట్టలు పట్టే జాగా.