పాటకు రెండు కరెంట్లు

పదవీ విరమణకు ముందు చివరి శీతకాలంలో నేను ఏలూరులో డిప్యూటీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. ఈ పేరు చెప్పగానే చాలామంది "మాకు బిల్లు ఎక్కువొచ్చిందండీ మేడమ్" అని మొదలుపెడతారు. బిల్లులకూ మాకూ ఏ సంబంధమూ లేదు. సినిమా హాలు, రైసు మిల్లు, పెద్ద జనరేటరు, జనం పోగయ్యే వేదిక లాంటి చోట్ల వైరింగు మనిషి ప్రాణం తీసేలా ఉందా అని చూసి, లేదని నమ్మకం కుదిరితే సంతకం పెట్టడం మా పని. నమ్మకం కుదరకపోతే పెట్టకుండా నిలబడటం ఇంకా కష్టమైన పని. స్వతహాగా నేను భయస్తురాలిని. ఇస్త్రీపెట్టె ఆపానో లేదో అని వీధి చివరినుంచి ఇంటికి వెనక్కొచ్చే రకం. ఇంట్లోవాళ్ళు నవ్వేవారు గానీ, ఉద్యోగంలో ఆ భయమే నాకు అన్నం పెట్టింది.

ఆ డిసెంబరులో ఒక తెలుగు పాప్ రాక్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ విడుదల చేసి, దాని కోసం ఊరూరా కచేరీలు చేస్తోంది. ఆల్బమ్ పేరు 'తడి కాళ్ళు'. తాడేపల్లిగూడెంలో వాళ్ళ కచేరీకి తనిఖీ చేసింది నేనే. ఆ పేరుతో ఉన్న పాటకి గాయకుడు కిరణ్ చెప్పులు విడిచి, వేదిక మీద బిందెలతో నీళ్ళు పోయించుకుని, ఆ నీళ్ళలో నిలబడి గిటారు వాయిస్తూ పాడతాడని అక్కడే తెలిసింది. వినగానే నా ఒళ్ళు జలదరించింది. కాకపోతే అక్కడ అంతా ఒక్క జనరేటరు మీదే నడిచింది, ఎర్తింగు పద్ధతిగా ఉంది. సంతకం పెట్టేశాను.

తరవాతి కచేరీ కొల్లేరు వైపు, కైకలూరు రోడ్డులో. నిర్వాహకుడు వెంకట్రాజు గారు రొయ్యల రైతు. తన చెరువుల పక్కన ఉన్న సొంత మెరకలోనే వేదిక కట్టించారు. మనిషి మహా మర్యాదస్థుడు. కారు దిగీ దిగకముందే కొబ్బరి బొండాం చేతికిచ్చి, "మీరు ఏం చెబితే అదేనండి. పిల్లలు దూరం నుంచొచ్చారు, మాట రాకూడదండి" అన్నారు. జనరేటరు కొత్తది. ఎర్తు గుంటలు ఉప్పు, బొగ్గు వేసి చక్కగా తవ్వించారు. నేల నెమ్ము నేల కాబట్టి కొలత కూడా భేషుగ్గా వచ్చింది. సంతకానికి పెన్ను తీశాను.

అప్పుడే వేదిక మీద సౌండ్ చెక్ చేస్తున్న కిరణ్ చటుక్కున వెనక్కి తగ్గి పెదవి తడుముకున్నాడు. మైకు చురుక్కుమందట. సౌండ్ ఇంజనీరు ప్రసాద్ తేలిగ్గా, "మామూలేనండి, మైకుకి స్పాంజి తొడిగేస్తే సరిపోద్ది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చెవిలో పోటొస్తే దూది పెట్టుకుని తిరుగుతారా?

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. గిటారు తీగలు లోహం. అవి కేబుల్ ద్వారా, గిటారు శబ్దాన్ని పెంచే యాంప్ పెట్టె బాడీకి కలిసి ఉంటాయి. మైకు బాడీ సౌండ్ మిక్సరు ఎర్తుకు కలిసి ఉంటుంది. వాయించేవాడి చెయ్యి తీగల మీదా, పెదవి మైకు మీదా ఉంటాయి. ఆ రెండింటి మధ్య వోల్టేజీ ఉంటే కరెంటు వెళ్ళే దారి అతని ఛాతీయే. కాళ్ళ కింద నీళ్ళు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది.

పరుగున వెళ్ళి మీటరు పెట్టాను. ఏమీ లేదు. కిరణ్ భయంభయంగా మళ్ళీ పెదవి ఆనించాడు. "ఇప్పుడు లేదండీ. ఇందాక మాత్రం నిజంగా కొట్టిందండీ" అన్నాడు, నేనెక్కడ నమ్మనో అన్నట్టు. జనరేటరు దగ్గరి ప్రతి కనెక్షనూ మళ్ళీ చూశాను. వేదిక ఇనుప చట్రాన్ని చూశాను. ఎక్కడా వంక లేదు. ఉన్న లోపం కనబడితే బిగించవచ్చు. వచ్చి మాయమయ్యే లోపంతో ఏం చేస్తాం?

ఈలోగా జనం రావడం మొదలైంది. ట్రాక్టర్లలో, ఆటోల్లో, బండ్ల మీద. బందోబస్తుకు వచ్చిన సి.ఐ. రెండుసార్లు వచ్చి, ఆపేస్తే జనాన్ని అదుపు చెయ్యడం కష్టమని మర్యాదగానే చెప్పారు. ఆ మాటా నిజమే. ఆగిపోయిందని తెలిస్తే ఇంతమంది ఒక్కసారిగా గట్టు దారిన పడతారు, రెండువైపులా చెరువులు. సంతకం పెడితే ఒక కుర్రాడి ప్రాణం, పెట్టకపోతే తొక్కిసలాట. ఆ పాట ఒక్కటీ మానుకోమని కిరణ్‌ని అడిగాను. టూరంతా ఆ పాట మీదే నడుస్తోందనీ, జనం వచ్చేదే దానికోసమనీ అన్నాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. చనిపోతావురా నాయనా అని నోటిదాకా వచ్చింది.

చివరికి మా పాత పద్ధతి ఒకటి పట్టుకున్నాను. మీటరు ఒక్కోసారి ఉత్తుత్తి వోల్టేజీని కూడా చూపిస్తుంది, బల్బు మాత్రం నిజంగా కరెంటు పారితేనే వెలుగుతుంది. ఒక టెస్ట్ ల్యాంపు, అంటే రెండు తీగలు తగిలించిన బల్బు తెప్పించి, ఒక తీగ గిటారుకీ రెండోది మైకుకీ కట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా వదిలేశాను. పొయ్యి మీద పాలు పెట్టినట్టు దాని ముందే కూర్చున్నాను. "ఎంతసేపండీ మేడమ్?" అన్నాడు ప్రసాద్. "అది వెలిగేదాకా" అన్నాను. వెలగకపోతే ఏం చేయాలో నాకూ తెలియదు.

పొద్దు వాలుతుండగా వేదిక వెనక చెరువుల్లో ఏరేటర్లు వేశారు. రొయ్యలకు గాలి అందించడానికి నీటిని చిలికే చక్రాలు అవి. దబదబమని చప్పుడు మొదలైంది. నా ముందున్న బల్బు లోపలి తీగ ఎర్రగా మెరిసింది.

"ఏవండీ వెంకట్రాజు గారూ, ఆ ఏరేటర్లు ఒక్కసారి ఆపించండి" అని అరిచాను. ఆపారు. బల్బు ఆరింది. వేశారు. వెలిగింది. మబ్బు పడితే నీళ్ళలో గాలి తగ్గుతుందని మధ్యాహ్నం కూడా కాసేపు వేసి ఆపారని అప్పుడు చెప్పారు. కిరణ్‌కి షాక్ కొట్టింది సరిగ్గా అప్పుడే.

గిటారు యాంప్ వెనకనుంచి వైరు పట్టుకుని నడిచాను. అది జనరేటరు వైపు పోలేదు. గడ్డిలోంచి గట్టు దాటి చెరువు షెడ్డులోకి పోయింది. "ఆయ్, నేనే లాగించానండి" అన్నారు వెంకట్రాజు గారు, మంచి పని చేశానన్న ధీమాతో. "జనరేటరు ఆగితే పాట ఆగిపోద్ది కదండీ. చెరువు కాడ మేం ఎప్పుడూ ఒక్క కరెంటునే నమ్ముకోమండి. కరెంటు పోయిందంటే తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్ది. అందుకని గిటారొకటీ మన లైను మీద ఉంచానండి."

ఆ షెడ్డులో ఒక మోటారు ఇన్సులేషన్ దెబ్బతిని బాడీకి కరెంటు తన్నుతోంది. నేలలోకి దింపి ఎర్తు వైరు కట్టిన పైపు అడుగున తుప్పుపట్టి తెగిపోయింది. యాంపుకీ అదే ఎర్తు. దాంతో మోటారు తిరిగినప్పుడల్లా నేలలోకి పోవాల్సిన ఆ కరెంటు ఎర్తు వైరు పట్టుకుని గిటారు తీగలదాకా వస్తోంది. జనరేటరు దగ్గర లీకేజీని పసిగట్టి ఆపేసే పరికరం ఉంది గానీ, ఈ కరెంటు దాని గుండా రాదు, దానికి తెలియదు. కిరణ్ నీళ్ళలో నిలబడి పాడే వేళకి ఏరేటర్లన్నీ తిరుగుతుంటాయి.

వెంకట్రాజు గారి మొహం పాలిపోయింది. "అయ్ బాబోయ్, మావోళ్ళు రోజూ ముట్టుకునే మోటారేనండి అది" అన్నారు. ఆ మోటారును అప్పటికప్పుడు విప్పించి పక్కన పెట్టించారు. నేను షెడ్డు వైరు తీయించి, యాంపును జనరేటరు మీదికి మార్పించి, మిగిలిన ఏరేటర్లన్నీ తిరుగుతుండగా మళ్ళీ బల్బు కట్టాను. వెలగలేదు. అప్పుడు సంతకం పెట్టాను.

కచేరీ జరిగింది. 'తడి కాళ్ళు' పాట వచ్చేసరికి నేను జనరేటరు మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి, కిరణ్ కాళ్ళనే చూస్తూ నిలబడ్డాను. జనం ఊగిపోతున్నారు. దిగి వచ్చాక ఆ అబ్బాయి తడి బట్టలతోనే నా దగ్గరికొచ్చి, "ఎలా ఉందండీ పాట?" అని అడిగాడు. ఒక్క ముక్క కూడా వినలేదని నిజమే చెప్పాను.

ఆనాటిదాకా తనిఖీకి వెళ్ళిన ప్రతిచోటా ఏం తక్కువైందో వెతికేదాన్ని. ఆ రాజు గారు ఏదీ తక్కువ చెయ్యలేదు. అతిథుల పాట ఆగకూడదని ఒకటి ఎక్కువ పెట్టారు, అదే ఒక మనిషిని చంపబోయింది. ఆ తరవాత ఉద్యోగంలో మిగిలిన కొద్ది నెలలూ ఎక్కడికి వెళ్ళినా నిర్వాహకుణ్ణి మొదట అడిగిన ప్రశ్న ఒకటే: "మీ జాగ్రత్త కోసం మీరు అదనంగా ఏం పెట్టించారండీ?"