చాందీ తిండి వేళ

సుభాషిణి మహబూబాబాద్‌లో కిరాణా దుకాణం నడిపే వీరేశం కూతురు. నెల్లికుదురు దగ్గర ఒక సర్కారు దవాఖానలో నర్సు. షుగరు రోగులకు ఇన్సులిన్ సూది వేసుకోవడం నేర్పే పని ఆమెదే. అంతా కంఠతా వచ్చు కనుక పది నిమిషాల్లో గడగడా చెప్పి, సమజైందా అని అడిగి, రిజిస్టర్‌లో వేలిముద్ర వేయించుకునేది. కాలేదన్న మనిషి ఆరేళ్లలో ఒక్కరూ లేరు.

తండా నుంచి వచ్చిన చాందీ కూడా తలూపింది. ఇంట్లో లంబాడీ మాట్లాడే ఆమెకు, తొందరగా చెప్పే తెలుగు సగం జారిపోతుంది. తిండికి అరగంట ముందు అన్న మాట పోయి, పొద్దున సూది అన్నదే మిగిలింది.

మిరప ఏరే రోజులు. చాందీ అయిదింటికే సూది వేసుకుని, సద్ది కట్టుకుని కూలీల ఆటో ఎక్కేది. చేనులో అందరూ తినేది పదింటికి. నాలుగో రోజు చెమటలు పట్టి, చేతులు వణికి, బోరు పైపు మీద పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. కోడలు ఉమ దవాఖానకు తెచ్చేసరికి స్పృహ లేదు. షుగరు బాగా పడిపోయిందని డాక్టరు గ్లూకోజు ఎక్కించాడు.

కళ్లు తెరిచాక, ఎందుకు తినలేదని సుభాషిణి కాస్త కోపంగానే అడిగింది.

"సూది ఏసుకోమన్నవు బిడ్డా. ఎప్పుడు తింటవని అడగలే," అంది చాందీ.

సుభాషిణి రిజిస్టర్ తెరిచి చాందీ వేలిముద్ర చూసింది.

మర్నాడు ఆమె కాగితం తీసుకుని, తను చెప్పాల్సినవి కాక, ఇంటికి వెళ్లే మనిషికి చేతనవ్వాల్సినవి రాసుకుంది. మొదటి రోజుకు రెండే పెట్టుకుంది: తిండి వేళ, మందు కొలత. చాందీ చెయ్యి కట్టులో ఉంది కనుక ఉమను కూర్చోబెట్టి ఇంట్లో ఎప్పుడు లేస్తారో, ఎవరు వండుతారో అడిగింది. తర్వాత సిరంజి చేతికిచ్చి మందు తీసి చూపమంది. ఉమ పది గీతల బదులు ఇరవై తీసింది. సుభాషిణి ఇన్నేళ్లలో ఎవరినీ చేసి చూపమని అడగలేదు.

చాందీ మాత్రం సూది వద్దంది.

"పడ్డది నేను. మల్ల గదే సూది అంటే ఎట్లవ్వా?"

పదకొండు రోజులు వేసుకోలేదు. కాలి మీద పుండు లేచింది. సుభాషిణి మూడుసార్లు తండాకు వెళ్లింది. చివరికి చాందీ, అన్నం పళ్లెం ముందు పెడితేనే ఉమతో వేయించుకుంటానని ఒప్పుకుంది. పుండు మానుతోంది. మణికట్టు వంకరగా అతికింది, మిరప ఏరడానికి వేళ్లు సరిగా వంగవు. సుభాషిణి వస్తే చాందీ కూర్చోమని మంచం చూపిస్తుంది కానీ మాట కలపదు.

ఇప్పుడు సుభాషిణి రోజూ మధ్యాహ్నం రిజిస్టర్ ముందేసుకుని వేలిముద్రలు వేసిన వాళ్లకు ఫోన్ చేస్తోంది. ఇద్దరు మందు తప్పు కొలతలో తీస్తున్నారని తేలింది. కొన్ని నంబర్లు పనిచేయడం లేదు. ఒంటరిగా ఉండే సమ్మక్క నంబరు వాటిలో ఒకటి. ఆమె పెద్దవంగర వైపు వెళ్లిపోయిందని ఎవరో చెప్పారు. ఆదివారం వెతకడానికి వెళ్లాలని సుభాషిణి బస్సు వేళలు కనుక్కుంది.