ఆసామి సంతకం

కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలంటే పొలం ఆసామి సంతకం కావాలంటుంది చట్టం. ఆసాములు ఆ సంతకం ఎందుకు పెట్టరన్నదే నా పరిశోధన. చల్లపల్లి దగ్గర ఒక కౌలు రైతును మినప చేను గట్టు మీద కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలతో విసిగించాను.

“మా ఆసామి మంచోడేనండీ. కాగితమంటేనే భయం, పొలం పోద్దేమోనని,” అన్నాడాయన.

ఆ భయం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆత్రం. ఈలోగా ఆయనే అడిగాడు.

“మీకు పొలం ఉందాండీ?”

“ఉయ్యూరు దగ్గర రెండెకరాలండీ. కౌలుకిచ్చాం.”

“మరి ఆయనకి కార్డుందా?”

నిరుడు మా కౌలు రైతు సంతకం కోసం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా ఇంటికొచ్చాడు. కౌలు చట్టం మీద వ్యాసం రాసుకుంటున్నానని చెప్పి, తర్వాత రమ్మన్నాను.