పేషెంట్ల బెంచీ

నోటితో చెప్పకూడని మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. నేను పదో తరగతి దాకా చదివాను. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. కానీ ఇప్పుడు పూజకు కూర్చుంటే దేవుడి పేరు కంటే ముందు ఆ మాటే గొంతులోకి వస్తోంది. అందుకే కలం పట్టాను.

మా మేడమ్ పోయింది. మనసు బాగాలేనివాళ్లకు కౌన్సెలింగ్ చేసే మేడమ్. ఆ కబురు నాకు చేరిన తీరే నన్ను కాల్చింది. వాకిట్లో బీడీలు చుడుతున్నాం. పక్కింటి వదిన ఆకు కత్తిరిస్తూ అన్నది:

"గా బోధన్ రోడ్డు మీద పిచ్చోళ్ల మేడమ్ లేదా? పొద్దుగాల పోయిందట. గుండె ఆగిందట. పిచ్చోళ్లతోని ఉండీ ఉండీ ఆమెకు గూడ ఏమన్న అయిందేమో!"

అందరూ నవ్వారు. నా చేతిలో ఆకు చిరిగింది. "గట్ల అనకు వదినా" అన్నాను. నా గొంతు చిన్నది. ఆ నవ్వుల్లో ఎవరికీ వినిపించలేదు.

నా సంగతి చెప్పకుండా ఆమె సంగతి చెప్పలేను. మా అత్త పోయిన తర్వాత నాకొక బాధ మొదలైంది. దీపం ముట్టిస్తుంటే దేవుడి మీద బూతుమాటలు మనసులో పుట్టేవి. ఏటా లింబాద్రి గుట్ట ఎక్కి మొక్కే దాన్ని, నాకు ఆ మాటలు! దీపం కొండెక్కించి, తల మీద నీళ్లు పోసుకుని, తడిచీరతో వచ్చి మళ్లీ ముట్టించేదాన్ని. మళ్లీ అదే మాట. మళ్లీ స్నానం. మధ్యాహ్నం దాటినా పూజ తెమిలేది కాదు. నీళ్లలో నానీ నానీ వేళ్లు పగిలి, బీడీ ఆకులకు రక్తం అంటేది.

గాలి సోకిందన్నారు మావాళ్లు. ఒకాయన దగ్గరికి తీసుకుపోతే వేపమండలతో కొట్టి తాయత్తు కట్టాడు. నలుగురిలో నన్ను కొడుతుంటే చూసిన చుట్టాల్లో ఒక్కరికీ సిగ్గనిపించలేదు. తర్వాత మేడమ్ దగ్గరికి పోతున్నానంటే మాత్రం అందరికీ సిగ్గు ముంచుకొచ్చింది.

పగిలిన చేతులు చూపించుకోవడానికి దవాఖానకు పోతే, అక్కడి నర్సమ్మ నన్ను నెమ్మదిగా అడిగి అడిగి సంగతి రాబట్టింది. ఆమే మేడమ్ ఇల్లు చెప్పింది. ఆ ఇంట్లో మేడమ్, ఆమె అక్క, ఇద్దరే. ముందు వరండాలో ఆకుపచ్చ రంగు వేసిన చెక్క బెంచీ ఉండేది. మా వంతు వచ్చేదాకా దాని మీద కూర్చునేవాళ్లం. మొదటి రోజే మేడమ్ నాకొక కట్టుబాటు చెప్పింది.

"చూడు చెల్లె, ఈ బెంచీ మీద ఎవలను చూసినా బజార్ల గుర్తుపట్టినట్టు చెయ్యకు. నీ సంగతి ఊరంత చెప్పుకుంటవా, చెప్పుకో. ఇంకొకల సంగతి మాత్రం చెప్పెటందుకు నీది గాదు."

ఆ బూతుమాటలు పైకి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. విన్నాక చెవులు మూసుకుంటుందని అనుకున్నాను. "ఇన్ని రోజులు ఒక్కదానివే మోసినవా?" అన్నది. అంతకుముందు నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు.

"దేవుడు నన్ను ఊకుంటడా మేడమ్?"

"గుళ్లె ఈగ వాలితే గుడి మైలపడతదా? ఈగను తరిమీ తరిమీ నీకు పూజ అయితలేదు. వాలనియ్యి. నువ్వు దీపం దిక్కు చూడు."

మాటతో వదల్లేదు. తన గదిలోనే ప్రమిద పెట్టి నా చేత ముట్టించింది. బూతుమాట రానే వచ్చింది. నేను లేవబోయాను. "చేతులు ఒళ్లె పెట్టుకో. ఏం చెయ్యకు. భయం ఎంత పైకి వస్తదో ఇద్దరం చూద్దాం" అన్నది. ఒళ్లంతా చెమట పట్టింది. గుండె దడదడలాడింది. దీపం వెలుగుతూనే ఉంది. కాసేపటికి, పొంగిన పాలు దిగినట్టు, భయం దానంతట అదే దిగింది. అట్లా వారం వారం చేయించింది. ఇంట్లోనూ ఒకే స్నానం, ఒకే దీపం అని చెప్పి పంపేది.

ఇంకొకరోజు ఎదురుగా ఖాళీ కుర్చీ వేసింది. మా అత్త అందులో కూర్చుందనుకుని మాట్లాడమన్నది. నాకు నవ్వొచ్చింది. "నీ చెయ్యి తగిలితే దేవునికి మైల" అని ఆమె నన్ను ఏళ్ల తరబడి అన్న సంగతి గుర్తొచ్చాక నవ్వు పోయింది. బతికుండగా ఎదురు చెప్పని నేను, ఆ రోజు కుర్చీతో గంటసేపు కొట్లాడాను.

గోడ నిండా పుస్తకాలు ఉండేవి. వాటిలో ఏముందని అడిగాను ఒకసారి.

"పెద్దోళ్లు ఒక్కొక్కలు ఒక్కొక్క తొవ్వ చెప్పిండ్రు. ఒకాయన చిన్నతనం తవ్వుమంటడు. ఒకాయన, గదంత తర్వాత, ఇయ్యాల చేసే పని మార్చుమంటడు. ఇంకొకాయన వచ్చిన ఆలోచనను పట్టుకొని, నువ్వు నిజమేనా అని అడుగుమంటడు. ఇంకొకాయనేమో, నువ్వు నోరు మూసుకో, వచ్చినోళ్లను చెప్పనియ్యి అంటడు."

"మరి మీరు ఎవరి మాట వింటరు మేడమ్?"

"ఎదురుంగ కూసున్నోళ్ల మాట" అని నవ్వింది.

నాకు నయమైంది. ఆలోచనలు ఇప్పటికీ ఒకటీ అరా వస్తాయి, పోతాయి. నాలాగే ఎందరో ఆ బెంచీ మీది నుంచి లేచి మళ్లీ పొలాలకు, దుకాణాలకు, వంటిళ్లకు పోయారు.

ఇప్పుడు అసలు సంగతి. మా పెద్దోడికి ఈ మధ్యే ఒక సంబంధం వచ్చింది. పిల్లను చూడబోతే, గిలాసలో చాయ్ తెచ్చిచ్చిన పిల్ల తల్లిని చూడగానే గుర్తుపట్టాను. చాలా రోజులు ఆ బెంచీ మీద నా పక్కన కూర్చున్నామె. ఆమె గిలాస నా ముందు పెట్టి ముఖం పక్కకు తిప్పుకుంది. నేను కొత్తగా చూసినట్టే "మీ తల్లిగారిది ఏ ఊరు వదినా?" అని అడిగాను. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఈ ఇల్లు మనల్ని అర్థం చేసుకుంటుందని లోపల సంతోషపడ్డాను. పిల్ల మావాడికి నచ్చింది.

మేడమ్ పోయిన రోజు నేను బయల్దేరుతుంటే మా ఆయన గడపలో ఆపాడు.

"పోతే పో. ఎవలన్న అడిగితే దూరపు చుట్టాన్ని అని చెప్పు. తల్లికి పిచ్చి లేసింది అన్నరంటే సంబంధం పాయె."

అక్కడికి పోతే, వాకిట్లో కిరాయి కుర్చీలు వేశారు. చాలక, వరండాలోని బెంచీని కూడా బయటికి తెచ్చారు. కుర్చీలు దొరకనివాళ్లు నిలబడే ఉన్నారు గానీ బెంచీ మీద ఒక్కరూ కూర్చోలేదు. రోడ్డుకు అవతల బస్టాపులో చాలామంది ఉన్నారు. వాళ్లలో సగం ముఖాలు ఆ బెంచీ మీద నేను చూసినవే. పిల్ల తల్లి కూడా ఉంది, కొంగు తల మీదికి లాక్కుని. బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారందరూ.

నేను మేడమ్ తలదగ్గరి దీపంలో నూనె పోశాను. పోస్తుంటే పాత ఈగ వచ్చి వాలింది. వాలనిచ్చాను. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

"అయ్యో, గక్కడ కూసోకు అక్కా! గది పేషెంట్ల బెంచీ. ఇటు రా" అన్నది ఎవరో ఒకామె.

"తెలుసు. నేను పేషెంటునే."

ఈసారి నా గొంతు అందరికీ వినిపించింది.

పాడె లేచే వేళకు బస్సు వచ్చింది. "బోధన్! బోధన్! ఎక్కుండ్రి!" అని కండక్టర్ అరిచాడు. ఒక్కరూ ఎక్కలేదు. "ఎక్కరా? మరెందుకు నిలబడ్డరు?" అని విసుక్కుని రైట్ చెప్పాడు. బస్సు వెళ్లిపోయాక కూడా వాళ్లు అక్కడే ఉన్నారు. ఒక్కరూ రోడ్డు దాటలేదు. ఒక ముసలాయన మాత్రం చెప్పులు విడిచి నిలబడ్డాడు.

ఆ వారంలోనే సంబంధం మాట్లాడిన పెద్దమనిషి వచ్చాడు.

"పిల్ల తల్లి వద్దంటున్నదమ్మా. గా ఇంట్ల పిచ్చి ఉన్నది, నా బిడ్డనియ్య అంటున్నది. నువ్వు గా బెంచీ మీద కూసున్నది కండ్లార చూసినోళ్లు ఉన్నరట."

"నోరు జర ఊకుంటే ఏం పోతుండె నీకు?" అని మా ఆయన గిన్నె విసిరాడు. మావాడు అన్నం సగంలో లేచిపోయాడు. అదే నాకు ఎక్కువ నొప్పి. ఒక్క మాట చాలు, ఆ చూసిన కళ్లు ఎక్కడి నుంచి చూశాయో చెబితే చాలు. మా ఇంట్లో నా తల లేస్తుంది, ఆ ఇంట్లో ఆమె తల వంగుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పెటందుకు అది నాది కాదు.

ఎవరూ లేనప్పుడు, మేడమ్ నేర్పినట్టు ఖాళీ కుర్చీ వేసి, పిల్ల తల్లి అందులో కూర్చుందనుకున్నాను. "అటు బస్సు ఎక్కకపోతివి, ఇటు రోడ్డు దాటకపోతివి. నీ ఏడుపు ఓపిగ్గ విన్న మనిషి పోతుంటే నీకు కొంగు అడ్డమొచ్చిందా? ఆమె బాగుచేసిన నోటితోనే నన్ను పిచ్చిదంటివా?" అన్నాను. తర్వాత అదే కుర్చీలో మేడమ్‌ను కూర్చోబెట్టి, మీ కట్టుబాటు నా కొడుకు మీద పడ్డది అని ఆమెతోనూ కొట్లాడాను. "కోపం వాకిట్ల మొరిగే కుక్క చెల్లె. కుక్కను కొట్టకు, ఎవలొచ్చిండ్రో చూడు" అనేది ఆమె బతికుండగా. చూశాను. కుక్క ఇంకా మొరుగుతూనే ఉంది.

ఇందులో ఎవరి పేరూ రాయలేదు. అయినా పోల్చుకునేవాళ్లు ఉంటారు. అందుకని ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా దాచుకోండి, ఇంకొకరికి చూపించకండి. నా సంగతి మాత్రం ఎవరడిగినా చెప్పండి.

మేడమ్ అక్క ఇల్లు ఖాళీ చేస్తూ ఆ బెంచీని నాకిచ్చింది. మా వాకిట్లో వేశాను. బీడీలు చుట్టేవాళ్లు దాన్ని వదిలి నేల మీదే కూర్చుంటున్నారు. పొద్దు వాలేటప్పుడు ఒక్కోసారి ఎవరో వచ్చి గేటు దగ్గర ఆగుతారు. బెంచీ దిక్కు చూస్తూ కాసేపు నిలబడతారు. నేను తల ఎత్తను. ఆకు చుట్టుకుంటూ బెంచీ మీదే ఒక పక్కకు జరిగి కూర్చుంటాను.