తప్పంతా గాలిదే

కోరుట్లలో ఎవరింట్లో నీళ్లు కాచే బాయిలర్ చెడినా, రాజనర్సు మిస్త్రి పట్టుకునే దొంగ ఒక్కటే: గాలి. పైపుల దుకాణం నడుపుకునే నాకు ఆయనతో పదేళ్ల పరిచయం. ఇంకో కారణం ఆయన నోట వినలేదు.

బాయిలర్‌కు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "ఆఁ... గాలి దూరింది" అనేవాడు. ఒకసారి కిష్టవ్వ ఇంట్లో కొత్త కోడలు లీల నీళ్లు పోయడం మరిచి కట్టెలు ముట్టించింది. అడుగు మాడి చిల్లు పడింది. కిష్టవ్వ అప్పటికే కొంగు బిగించింది.

"కోడలు నీళ్లు వొయ్యలే గదా మిస్త్రీ?"

"పోసే ఉంటది అవ్వా. లోపట గాలి జాగ ఇయ్యకుంటే నీళ్లు యాడ నిలుస్తయి?"

నాకు ఒళ్లు మండేది. "నీ తలకాయల ఉన్నది గాలి" అని మొహాన్నే అనేవాణ్ణి.

"గాలి లేని తావేది సేటూ?" అని చాయ్ ఊదుకుని తాగేవాడు.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, రోజులు. సైకిల్ ట్యూబు పేలితే బజారంతా షట్టర్లు దిగేవి. ఒక పొద్దున పక్క మండలం ఠాణా జీపు వచ్చి మిస్త్రిని ఎక్కించుకుంది. తోడు రమ్మని ఆయన నన్నూ లాగాడు. ఎస్సై క్వార్టర్లో రాగి బాయిలర్ ఢామ్మని పేలి, మూత పెంకులు చీల్చుకుని పెరట్లో పడిందట. మేం వెళ్లేసరికి కానిస్టేబుళ్లు ఇసుక బస్తాల వెనక బోర్లా పడుకునే ఉన్నారు. ఎస్సై నడుముకు తువ్వాలు, చేతిలో రివాల్వరు. బాయిలర్‌కు మంట పెట్టే రాజక్క మూలన వణుకుతోంది.

"బాంబు ఎవడిచ్చిండే నీకు?"

"నీ బాంచెన్ సారూ, కట్టెలే వెట్టిన!"

బాంబని తేలితే ఆమె ఇల్లు చేరదు. అది అక్కడ అందరికీ తెలుసు.

"చెప్పు, ఏంతోని పేలింది?" అన్నాడు ఎస్సై.

మిస్త్రి పెరట్లోకి పోయి, మూత ఎత్తి, మాకు వీపు తిప్పి చెవికి ఆనించుకున్నాడు. మూతలో ఏం వినపడుతుందో ఆయనకే తెలియాలి.

"గాలితోని సార్."

"గాలికి గింత చప్పుడా?"

"పోను తొవ్వ లేకుంటే ఉడికిన గాలి ఊకుంటదా సార్? బాంబు మందు వాసన ఉన్నదేమో మీరే చూడుండ్రి."

ఎస్సై మూత వాసన చూశాడు. కానిస్టేబుళ్లు కూడా లేచొచ్చి ఒక్కొక్కరే చూశారు. పొగ వాసన తప్ప ఏమీ లేదు. ఎస్సై తువ్వాలు సర్దుకుని, రాజక్కను పొమ్మన్నాడు.

బస్సుకని నడుస్తుంటే, మిస్త్రి జేబులోంచి ఒక మక్క బెండు, గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకి, తీశాడు. మూత మీది గాలి గొట్టంలో బిగించి ఉందట. ఆవిరి పోకుంటే సారుకు నీళ్లు జల్దీ కాగుతాయని రాజక్కే కుక్కి ఉంటుంది.

"మరి గాలి అన్నవ్?"

"అబద్ధమా? సార్ ఏంతోని పేలిందని అడిగిండు. బెండు ఎవరు వెట్టిన్రని అడగలే."

నవ్వలేక చచ్చాను. ఆ మనిషి మీద అంత ప్రేమ నాకు ఎన్నడూ కలగలేదు.

"ఎప్పుడు జూసినా గాలినే ఎందుకు ఇరికిస్తవయ్యా?"

"దానికి అత్త లేదు, ఠాణా లేదు. ఎంత తిట్టినా నొవ్వది. జర ఆగు సేటూ, రాజక్క ఇల్లు గీ సందులనే. గొట్టం మూయద్దని చెవుల చెప్పి వస్త. లేకుంటే రేపు మల్ల బెండు వెడుతది."