చెవి మేస్త్రి వినని చప్పుడు

ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసిన లారీని ఇరవై రెండో ఏట, స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకీ, పిడి చెవికీ ఆనించుకుని జబ్బు కనిపెట్టి కదిలించాడు. ఆనాటి నుంచి అందరికీ అతను చెవి మేస్త్రి. ఏ కారు వచ్చినా ముందు పెట్రోలు మూత తీసి వాసన చూస్తాడు, ఆపైన కళ్లు మూసుకుని ఇంజను వింటాడు. నలభై ఏళ్లుగా తన చెవి తప్పు చెప్పలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నవాడే. అలాంటిది, ఆయిల్ మార్చి పంపిన వారానికే నర్సమ్మ కారులో, స్టీరింగు ముందు ఇంజను హెచ్చరిక దీపం వెలిగింది. రెండుసార్లు ఇంజను విప్పి బిగించినా మళ్లీ వెలిగింది. పాపం, ఆవిడ రెండు బస్సులు మారి ఆస్పత్రి డ్యూటీకి వెళ్తోంది.

"స్కానర్ పెట్టి చూడనా మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"చూడు. నా చెవికి అందనిది నీ డబ్బాకి అందుతుందేమో" అని నర్సమ్మ వైపు చూసి నవ్వాడు మేస్త్రి.

అల్లుడు స్కానర్ డబ్బా కారుకి తగిలించి చూసి, కారు వెనక్కి వెళ్లి పెట్రోలు మూత తిప్పాడు. అది టక్కుమని బిగిసింది. "ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి పోతోందండి, దీపం అందుకే" అన్నాడు నేల చూస్తూ.

"మూత వదిలేసిందెవరు?" అంది నర్సమ్మ.

"నేనే తల్లీ. వాసన చూసి, సరిగా బిగించలేదు."

ఆవిడ తాళాలు తీసుకుని కారెక్కింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంజను లోపలి గరగరలన్నీ పట్టే చెవి, ఆ టక్కు వినిపించేదాకా ఒక్కసారీ ఆగలేదు.

మర్నాడు షాపు ముందు అతని వంకర అక్షరాలతో అట్టముక్క వేలాడింది: "మేస్త్రి స్కానర్ నేర్చుకోవడానికి వెళ్లాడు. అల్లుడున్నాడు. మేస్త్రి వచ్చేది పద్నాలుగో తారీఖు."