వియ్యపురాలి కోసం పోసిన నెయ్యి

ఆ రోజుల్లో అరవనాట మా తెలుగువాళ్ళ నల్లరేగడి పల్లెల్లో ఆడపిల్లను ఇచ్చి ఊరుకునేవాళ్ళు కారు, ఆ ఇంటి ఆడపిల్లను తెచ్చుకునేవాళ్ళు. కుండమార్పిడి అనేవాళ్ళు దాన్ని. నన్ను కడంబూరు దగ్గర ఇంటికి ఇచ్చారు. నా మొగుడి చెల్లెలు కోవిల్‌పట్టి పక్కనున్న మా పుట్టింటికి మా అన్న పెళ్ళామై వచ్చింది. అందులో సుఖమూ కష్టమూ రెండూ ఒకటే: ఇక్కడ నాకేది జరిగితే అక్కడ మా వదినకూ అదే జరుగుతుంది. మా అత్త నా పులుసు నోట పెట్టుకొని మొహం చిట్లిస్తే, ఆ వార్త సంతకు పోయే బండెక్కి కోవిల్‌పట్టి చేరేది. వారం తిరక్కుండా మా అమ్మ అక్కడ వదిన పులుసుకు మొహం చిట్లించేది. (మా అమ్మకు ఆ పులుసు ఇష్టమేనట. అయినా న్యాయం న్యాయమే కదా.) ఒకసారి మా నాయన చూడ్డానికొస్తే నేను మూతి ముడిచి, పెరుగు కంటికి కనిపించడం లేదన్నాను. అంతే. ఆ తరువాత తిరణాళ్ళలో కలిసినప్పుడు మా వదిన నన్ను గాజుల అంగడి వెనక్కి లాక్కుపోయి జబ్బ గిల్లింది. "ఒసే, నువ్వు ఆడ మూతి ముడిస్తే ఈడ నా గిన్నెలో పెరుగు మాయమవుతుండాదే! ఇంకమీద నవ్వు. కడుపు నొస్తుండినా నవ్వు!" అక్కడే ఒప్పందం చేసుకున్నాం. నేను మా అత్త వడ్డనను మా అమ్మ ముందు పొగిడాను, వదిన మా అమ్మ వడ్డనను మా అత్త ముందు పొగిడింది. ఇద్దరు పెద్దవాళ్ళకూ రోషం వచ్చింది. ఒకరికొకరు తీసిపోకూడదని మేపి మేపి, మరుసటి తిరణాళ్ళకు మా ఇద్దరి రవికెలూ భుజాల దగ్గర పట్టలేదు.

నేను చదివింది మూడో తరగతి దాకానే. ఈ కుండమార్పిడి చదువు మాత్రం అప్పుడే కంఠతా వచ్చేసింది. అందుకే ఈ మధ్య, విరుదునగర్‌లో కొడుకు ఇంట్లో నేనుండగా, మా మనవరాలు (బుడ్డది అంటాం, నాకంటే జానెడు పొడుగు) ఒక సంవత్సరం డెన్మార్కులో చదువుకోవడానికి పోతుందన్నప్పుడు అందరూ గాభరాపడ్డారు గానీ నేను పడలేదు. "ఎక్స్చేంజ్ అమ్మా. మన పిల్ల ఆడికి పోతుంది, ఇంకో పిల్ల ఈడికి వస్తుంది" అన్నాడు కొడుకు. ఇందులో నాకు తెలియనిదేముంది? "వియ్యపురాలు ఎట్లాంటిదిరా?" అని ఒక్క మాట అడిగాను. వాడు ఫోనులో ఉన్నాడు. "ఊఁ, మంచోళ్ళే" అన్నాడు. నాకది చాలింది.

బుడ్డది అటు పోయింది, జులైలో, ఆడినెల గాలుల్లో, ఈ పిల్ల ఇటు వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, కాళ్ళు మరీ సన్నంగా ఉంటే కొంగపిల్ల అని పేరు పెట్టాను. ఆమె పేరు పలకాలంటే నాకున్న పళ్ళు చాలవు. పొద్దున్నే రెండు జడలు వేసుకొని, రిబ్బన్లు కట్టుకొని, యూనిఫాంలో బడికి పోయేది. బడిలో అరవం నేర్పేవాళ్ళు, ఇంట్లో మా తెలుగు అంటుకునేది. ఏది ఏదో తెలియక బడిలో తెలుగు, ఇంట్లో అరవం మాట్లాడి రెండు చోట్లా నవ్వించేది. చేత్తో తినడం నేర్చుకుంది. వీధిలో అమ్మే నూనె పరోటా అయితే ఎవరూ నేర్పకుండానే తినేది.

ఇక నా సంగతి. ఉన్నమాట చెప్పాలి, నా చేతిలో నెయ్యి గిన్నె ఉంటే ఆ ఇంట్లో ఎవరూ ధారాళంగా నెయ్యి తిని ఎరగరు. అట్లాంటి నేను కొంగపిల్ల అన్నం మీద గరిటెతో పోశాను. మా కోడలు వంటింటి గడపలో నిలబడిపోయింది. "అత్తా, నేను బాలింతగా ఉండినప్పుడు గూడ ఇంత పొయ్యలేదే!"

"నువ్వు ఊరుకోమ్మా. అంతా కారణంతోనే" అన్నాను.

కారణం బుడ్డది కాదూ? మనం ఇక్కడ గరిటె తిప్పితేనే వియ్యపురాలు అక్కడ గరిటె తిప్పుతుంది. ఫోనులో బుడ్డది చిక్కినట్టు కనిపిస్తే మరునాడు ఇక్కడ నెయ్యి పెరిగేది. "ఉత్త ఉర్లగడ్డలే అవ్వా" అని అది అంటే నేను ఇక్కడా ఆ బంగాళాదుంపలు మానేసి కొంగపిల్లకు అప్పాలు కాల్చేదాన్ని. కొంగపిల్ల అన్నిటికీ నవ్వి, "సాలు అవ్వా, సాలు" అనేది. మర్యాదకు అంటోందనుకొని ఇంకో గరిటె పోసేదాన్ని. పిల్ల మాత్రం ఒళ్ళు చేయలేదు. (ఆ సంవత్సరం మా వీధి కుక్క ఎందుకో నిగనిగలాడుతూ తిరిగింది. నేను పట్టించుకోలేదు.) అక్కడ మంచు పడుతోందని బుడ్డది ముక్కు చీదుకుంటూ చెప్పిన రోజు నా మనసు ఆగలేదు. బజారుకు పోయి, ఈ ఊళ్ళో ఎవరూ అడగని ఉన్ని కంబళి అడిగి, అంగడివాడు అటక మీదనుంచి దుమ్ము దులిపి ఇస్తే, తెచ్చి కొంగపిల్లకు కప్పాను. ఫిబ్రవరిలో మాసినెల ఎండ మొదలైనా తియ్యనివ్వలేదు. ఆ పిల్ల కంబళిలోనుంచి ముక్కు ఒక్కటే బయటపెట్టి, చెమట కారుస్తూ, "తాంక్యూ అవ్వా" అనేది. ఎంత పెంపకం, అనుకున్నాను.

నెయ్యి ఒక ఎత్తు. నోరు కట్టుకోవడం ఇంకో ఎత్తు. విరుదునగర్‌లో కొళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు బిందెలు, డ్రమ్ములు, చివరికి చెంబులు కూడా నింపి పెట్టుకుంటాం. కొంగపిల్ల స్నానానికి పోతే లోపల వాన కురిసినట్టు చప్పుడు. గదిలో ఎవరూ లేకున్నా ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది. నా నాలుక చివర మాట వచ్చి నిలబడేది. ఇక్కడ నేనొక్క మాటంటే అక్కడ బుడ్డదాని మీద పది మాటలు పడతాయి! మింగేసేదాన్ని. ఆ మింగిన మాటలన్నీ ఆటంకం లేకుండా కోడలి మీద, కొడుకు మీద, పాలవాడి మీద, ఆ కుక్క మీద పోసేదాన్ని. ఒకరోజు కొడుకు, "అమ్మకు ఒళ్ళు బాగ లేదు, ఆ పిల్ల డ్రమ్ము కాళీ చేసినా ఊరుకుంటుండాది" అని డాక్టరు దగ్గరికి తీసుకుపోతానన్నాడు.

ఒక ఆదివారం బుడ్డది ఫోను చేసినప్పుడు, ఇన్ని నెలలైనా వియ్యపురాలితో ఒక్క మాటా మాట్లాడలేదే, అది మర్యాదేనా అనిపించింది. "వియ్యపురాలిని పిలవ్వే" అన్నాను. బుడ్డదానికి ఏమర్థమైందో, ఎవరో పెద్దామెను తెచ్చి తెర ముందు కూర్చోబెట్టింది. నెరిసిన జుట్టు, నాలాగే బిగించిన మూతి. నేను దండం పెట్టి, కొంగపిల్లను రెక్క పట్టుకొని లాగి, "చూసుకోమ్మా నీ పిల్లను, ఏం కొదవా లేదు. ఇదిగో పాపా, మీ అవ్వ!" అన్నాను.

కొంగపిల్ల తెరలోకి వంగి చూసింది. "ఎవరు అవ్వా ఇది?"

అక్కడ బుడ్డది పడీ పడీ నవ్వింది. "అవ్వా, ఆ పాపది పోలండ్. ఇది డెన్మార్క్. నడమ సముద్రమే ఉండాది! వీళ్ళెవరో, వాళ్ళెవరో!"

నేను తెర దగ్గరికి జరిగాను. "అయితే ఈ యమ్మకు మనం ఏమీ చెయ్యలేదా?"

"ఏమీ లేదు."

"మరి ఏమిటికే నీకు కూడు పెడుతుండాది?"

"సుమ్మానే అవ్వా."

సుమ్మానే అంటే ఊరికేనే అని. ఇన్నేళ్ళ నా బతుకులో ఆ మాట పాలవాడి దగ్గరా వినలేదు, సొంత వదిన దగ్గరా వినలేదు. "తిడుతుందా?" అని అడిగాను, ఇంకేం అడగాలో తోచక. "తిట్టకుండానా! నిన్న దీపం ఆర్పలేదని ఎంత కూత! అచ్చం నువ్వే" అంది బుడ్డది, సంతోషంగా.

ఫోను పెట్టేశాను. అంతలో స్నానాలగదిలో వాన మొదలైంది. నింపి పెట్టుకున్న ఆఖరి డ్రమ్ము. నెలల తరబడి మింగినదంతా ఒక్కసారిగా పైకొచ్చింది.

"ఏమే కొంగపిల్లా! మీ నాయన ఈడ యేరు తవ్వించి పెట్టినాడా? చెంబు కనపడలేదా నీకు? రేపు నీ మొగం దేంతో కడుగుతావు, నా కన్నీళ్ళతోనా? ఆ ఫ్యాను ఎవురి కోసరం తిరుగుతుండాది, బల్లి కోసరమా? ఈపు పగలగొడతా, వొస్తావా బయటికి!"

వాన ఆగిపోయింది. కోడలు అట్లకాడతో పరుగెత్తుకొచ్చింది, కొడుకు అంగడికని చెప్పులు వేసుకున్నవాడు వేసుకున్నట్టే నిలబడ్డాడు. తలుపు తెరుచుకొని కొంగపిల్ల తల మీద సబ్బునురగతో వచ్చింది. కళ్ళలో నీళ్ళు. అయ్యో, పరాయి పిల్లను ఏడిపించానే అనుకునేలోపల ఆ పిల్ల నవ్వింది. "అవ్వా! నన్ను తిట్తివా?"

"తిడితిని. ఏమిప్పుడు?"

"నువ్వు అందరినీ తిడతావు. అత్తను తిడతావు, మామను తిడతావు, కుక్కను తిడతావు. నన్ను ఒక్కదాన్నే తిట్టలేదు. నేను ఈ ఇంటి పిల్ల కాదు, వేరే, అనుకొంటిని."

నురగ తుడుచుకోకుండానే వాళ్ళమ్మకు ఫోను చేసి, పరీక్ష పాసైనట్టు ఏదేదో చెప్పింది. నా వైపు చూపించి, వేలు ఆడించి, నాలాగే నడుము మీద చెయ్యి పెట్టుకొని చూపించింది. తరువాత గదిలోకి పరుగెత్తి కంబళి తెచ్చి నా ఒళ్ళో వేసింది. "అయితే ఇంక ఇది నాకొద్దు అవ్వా. ఉడికిపోతుండాను." ఆపైన గొంతు తగ్గించి, "నెయ్యి గూడ వొద్దు. ఆ వాసన నాకు పట్టదు."

"మరి ఇన్ని నెలలు ఎట్ల తింటివే?"

కొంగపిల్ల కిటికీ వైపు చూసింది. కిటికీ బయట, పట్టుబట్టలా మెరిసే ఒళ్ళుతో, కుక్క నిద్రపోతోంది.

(ఆ పూట తిట్లు వేరే. అవి అచ్చులో పెట్టదగినవి కావు.)

సంవత్సరం తిరిగి పిల్లలు ఎవరింటికి వాళ్ళు చేరారు. బుడ్డది రవికెలు భుజాల దగ్గర పట్టనంతగా ఒళ్ళు చేసి వచ్చింది. గది దాటితే దీపం తనే ఆర్పుతోంది. ఆ డెన్మార్కు పెద్దామెకు నేను ఇవ్వగలిగింది ఏమీ లేకపోయింది. కంబళి పెట్టెలో ఉంది. ఎండాకాలం బయటికి తీసి దులిపినప్పుడల్లా, ఎవరి కోసమో ఎవరికో కప్పిన ఆ పిచ్చి ముసలిదాన్ని తలుచుకొని నవ్వుకుంటాను. కొంగపిల్ల అప్పుడప్పుడు వాళ్ళ ఊరినుంచి ఫోను చేస్తుంది. ఏం కావాలే అంటే, "తిట్టు అవ్వా" అంటుంది. తిడతాను. నోరారా, కొసరు కూడా వేసి తిడతాను. సుమ్మానే.